ఏడాదికో వారం సొంతూరు

మొన్న ఆదివారం పొద్దున్న ఇడ్లీపాత్ర పొయ్యి మీద పెట్టి, చట్నీకి పల్లీలు వేయిస్తుంటే మా చెల్లి ఫోన్ చేసింది. వాళ్ళ షార్లెట్‌లో అప్పటికి శనివారం రాత్రి. "అక్కా, ఆ సముద్రం ఒడ్డు వారం మేమే కొనేసుకుందామనుకుంటున్నాం. నువ్వేమంటావ్?" అంది. నేను ఏమీ అనకముందే పల్లీలు మాడిపోయాయి.

హాల్లో కూర్చున్న మా అత్తయ్యగారికి సగం మాటలు వినపడ్డాయి. "వారం కొనడమేమిటే? వారం ఎవరైనా అమ్ముతారా?" అన్నారు. అమ్ముతారు అత్తయ్యా, అమ్ముతారు. దస్తావేజు కూడా రాసిస్తారు. ఆ సంగతి నాకూ నిరుడు జులైలోనే తెలిసింది.

నిరుడు చెల్లి దగ్గరికి వెళ్ళినప్పుడు, వాళ్ళు ప్రతి వేసవిలో వెళ్ళే హిల్టన్ హెడ్ అనే దీవికి నన్నూ తీసుకెళ్ళారు. సౌత్ కరోలినా రాష్ట్రంలో అట్లాంటిక్ ఒడ్డున, మ్యాపులో చూస్తే విప్పేసిన బూటులా ఉంటుంది. షార్లెట్ నుంచి కారులో నాలుగు గంటలకి పైనే. మా మరిదిగారి ఆఫీసులో ఒక పెద్దాయనకి అక్కడి మోనార్క్ అనే రిసార్టులో ఒక వారం సొంతం. ఆయన పిల్లలు పెద్దవాళ్ళై తలో దిక్కు వెళ్ళిపోయాక, ఆ వారాన్ని ఏటేటా మా వాళ్ళకి అద్దెకిస్తున్నాడు. ఇప్పుడాయన అమ్మేస్తానంటున్నాడు. అదీ కథ.

చెల్లికి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో ఇక్కడ రాస్తే నాకూ స్పష్టమవుతుందనిపించింది. కాస్త పెద్ద కథ. కాఫీ పెట్టుకుని కూర్చోండి.

*

ముందు ఈ "వారం" సంగతి చెప్పాలి.

ఒక ఇల్లుంది. ఏడాదికి యాభై రెండు వారాలు. ఒక్క కుటుంబం కొంటే వాళ్ళు ఏడాదిలో ఓ పది రోజులుంటారు, మిగతా రోజులు తాళమే. అదే ఇంటిని యాభై మంది కొంటే? తలా ఒక వారం. ఒకటి రెండు వారాలు సున్నాలకీ రిపేర్లకీ వదిలేస్తారు. కొన్నవాళ్ళు ఏటా మెయింటెనెన్స్ ఫీజు కడతారు. దీన్నే టైమ్‌షేర్ అన్నారు. ఆ మాటకి చెడ్డపేరు వచ్చాక వెకేషన్ ఓనర్‌షిప్ అని మర్యాదగా పిలుస్తున్నారు.

ఈ ఆలోచన పుట్టింది అమెరికాలో కాదు, యూరప్‌లో. 1963లో స్విట్జర్లాండులో హాపిమాగ్ అనే సంస్థ మొదలై, సభ్యులందరి డబ్బుతో విడిది ఇళ్ళు కొని, వంతులవారీగా వాడుకునే పద్ధతి పెట్టింది. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండల మీద ఒక మంచు విడిదిలో, ఏటా గది దొరక్క అవస్థపడే బదులు ఆ గదిలో మీ వంతు కొనుక్కోండి అని అమ్మారు. 1960ల చివరికి ఈ పద్ధతి సముద్రం దాటి హవాయి చేరింది. 1970ల్లో ఫ్లోరిడాలో బాగా ఊపందుకుంది. అప్పుడు పెట్రోలు ధరలు మండిపోయి, కట్టిన సముద్రతీరపు ఫ్లాట్లు అమ్ముడుపోక బిల్డర్లు తలలు పట్టుకుని కూర్చున్నారు. మొత్తం ఫ్లాటు కొనలేనివాళ్ళు వారం కొనగలరు కదా!

ఇక్కడ ఒక ఆవిడ సంగతి చెప్పకుండా ముందుకెళ్ళబుద్ధి కావడం లేదు. ఏటా అదే ఊరు, అదే గది అంటే ఎవరికైనా విసుగే. మీ వారం నాకిచ్చి నా వారం మీరు తీసుకోండి అని మార్పిడి చేయించే ఆర్‌సీఐ అనే సంస్థని 1974లో ఇండియానాపొలిస్‌లో ఒక జంట మొదలుపెట్టింది. భర్త జాన్ డిహాన్, భార్య క్రిస్టెల్. ఆవిడ జర్మనీలో పుట్టినావిడ. విడాకులయ్యాక 1989లో ఆవిడ భర్త వాటా కూడా తనే కొనేసి సంస్థని ఒంటిచేత్తో నడిపింది. 1996లో అమ్మేసి, వచ్చిన డబ్బుతో పేదపిల్లలకి బడులు పెట్టింది. వాటిలో ఒకటి మన బెంగళూరులో ఉంది. మన పెళ్ళిళ్ళలో మంగళసూత్రం పక్కన వాటా కాగితాలు కూడా పెట్టాలేమో అని నవ్వుకున్నాను ఇది చదివి. 2020లో ఆవిడ పోయారు.

హోటళ్ళు నడిపే పెద్ద కంపెనీలు చాలాకాలం ఈ వ్యాపారం జోలికి రాలేదు. అప్పటికే మోసాల కథలు బోలెడు ప్రచారంలో ఉన్నాయి. పేరున్న హోటళ్ళలో మొట్టమొదట దిగింది మారియట్. 1984లో అమెరికన్ రిసార్ట్స్ గ్రూప్ అనే చిన్న కంపెనీని కొనేసింది. ఆ కొనుగోలుతో చేతికొచ్చిందే హిల్టన్ హెడ్ దీవిలో సీ పైన్స్ అనే పేటలో, సరిగ్గా సముద్రం ఒడ్డున ఉన్న మోనార్క్. మారియట్ వారి వెకేషన్ క్లబ్బులన్నింటికీ అదే మొదటి ఇల్లు. తర్వాత డిస్నీ, హిల్టన్ లాంటివాళ్ళందరూ ఆ దారే పట్టారు.

మా వాళ్ళు వెళ్ళేది అక్కడికే.

*

హోటలు గదికీ దీనికీ ఆడవాళ్ళకి తెలిసే తేడా ఒక్కటే. వంటిల్లు. రెండు పడకగదులు, హాలు, పొయ్యి, ఫ్రిజ్, గిన్నెలు, డిష్‌వాషర్. సెలవుకి వెళ్ళి కూడా వండాలా అని మొదట నాకు ఏడుపొచ్చింది. మా చెల్లి మాత్రం రైస్ కుక్కరు, ప్రెషర్ కుక్కరు, పోపులపెట్టె, ఆవకాయ జాడీ డిక్కీలో సర్దింది. మొదటి రోజు సాయంత్రం పులిహోరకి ఇంగువ పోపు పెట్టగానే పొగ అలారం మోగింది. ఇద్దరు పిల్లలూ నవ్వుతూ తువ్వాళ్ళు పట్టుకుని దాని కింద విసరడం మొదలుపెట్టారు. "పెద్దమ్మా, ఇది ప్రతి ఏడూ అవుతుంది. అలారం మోగితేనే సెలవులు మొదలైనట్టు" అంది మేనకోడలు లాంటి ఆ పెద్ద పిల్ల. కూతురే అనుకోండి.

అలా వాళ్ళకి కొన్ని ఆచారాలు పడిపోయాయి. ఎవరూ పెట్టలేదు, అవే పడ్డాయి. దిగిన సాయంత్రం పులిహోర. పొద్దున్నే సముద్రం వెనక్కి తగ్గాక గట్టిబడిన ఇసుక మీద సైకిళ్ళు. అక్కడి ఇసుక ఎంత గట్టిగా ఉంటుందంటే, నలభై దాటిన నేను కూడా పంజాబీ డ్రెస్సులో సైకిలు తొక్కాను. ఒక సాయంత్రం హార్బర్ టౌన్‌లో ఎరుపు తెలుపు చారల దీపస్తంభం ఎక్కడం. ఆ పక్కనే లిబర్టీ ఓక్ అని ఒక మహావృక్షం. దాని కింద గ్రెగ్ రస్సెల్ అనే గాయకుడు నలభై ఏళ్ళకి పైగా వేసవి రాత్రుళ్ళు చిన్నపిల్లలకి పాటలు పాడుతున్నాడు. చిన్నప్పుడు ఆయన పక్కన వేదికెక్కి పాడిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని ఎక్కిస్తున్నారట. మా చెల్లి కొడుకు నాలుగేళ్ళప్పుడు అక్కడ మైకు పట్టుకుని బిగుసుకుపోయి నిలబడ్డ ఫొటో వాళ్ళ హాల్లో ఉంది.

చివరి సాయంత్రం అందరూ తెల్లబట్టలేసుకుని ఇసుకలో ఫొటో. ఒడ్డు పొడుగునా చూశాను, ఎన్ని కుటుంబాలో అలా తెల్లబట్టల్లో! తాతలు, మామ్మలు, కోడళ్ళు, చంటిపిల్లలు. రాత్రిపూట ఒడ్డు వైపు దీపాలు ఆర్పేస్తారు. మే నుంచి అక్టోబరు దాకా సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుతురు వైపు నడుస్తాయి కాబట్టి, మన దీపాలుంటే సముద్రం అనుకుని ఇటు వచ్చి చచ్చిపోతాయట. ఆ చీకట్లో బాల్కనీలో కూర్చుని చెల్లి అంది, "చూడక్కా, ఆ తాబేలు ఎక్కడ పుట్టిందో అక్కడికే వచ్చి గుడ్లు పెడుతుందట. నా పిల్లలకి వెనక్కి రావడానికి ఒక ఊరు లేదు. ఇదే వాళ్ళ ఊరు అవుతుందేమో."

నేనేమీ మాట్లాడలేదు. మా ఊరి సంగతి ఇద్దరికీ గుర్తొచ్చిందని ఇద్దరికీ తెలుసు.

*

మా అమ్మమ్మగారిది నరసాపురం దగ్గర పల్లె. పెంకుటిల్లు, మండువా, వెనక ఆరు కొబ్బరిచెట్లు, ఒక నుయ్యి. కార్తీకమాసంలో అందరం చేరేవాళ్ళం. ఒక తెల్లవారుజామున ట్రాక్టరు మీద గడ్డి పరిచి, దాని మీద దుప్పట్లు వేసి, పిల్లా జెల్లా అందరినీ ఎక్కించి పేరుపాలెం సముద్రస్నానానికి తీసుకెళ్ళేవారు మావయ్యలు. అమ్మమ్మ ఇసుకలో చిన్న గుంట తీసి దీపం పెట్టి, అరటిదొప్పలో వదిలేది. తడిబట్టలతో చలికి వణుకుతూ మేం తిన్న చలిమిడి రుచి నాకు మళ్ళీ ఎక్కడా తగల్లేదు.

తాతగారు వీలునామా రాయలేదు. రాయాలని ఎవరికీ తోచలేదు. అమ్మమ్మ పోయాక ఐదుగురు వారసులు, ఇద్దరు కొడుకులు ముగ్గురు కూతుళ్ళు. ఇంటిని ఐదు ముక్కలు చేస్తే ఎవరికీ పనికిరాదు. ఒక మావయ్యకి డబ్బు అవసరం పడింది. ఎవరో బయటివాళ్ళు ఆయన వాటా ఒక్కటీ కొంటామన్నారు. బయటివాళ్ళు మండువాలోకి వస్తే మిగతావాళ్ళు ఎలా ఉంటారు? 2004లో మొత్తం అమ్మేశారు. అమ్మ కూడా సంతకం పెట్టింది. రిజిస్ట్రారు ఆఫీసు నుంచి వచ్చి ఆ రోజు అన్నం తినలేదు. అమ్మ వాటాకి వచ్చిన డబ్బుతోనే చెల్లి అమెరికా చదువుకి మొదటి ఫీజూ, విమానం టికెట్టూ కట్టారు.

అంటే మా చెల్లి ఆ ఇంటిని మోసుకునే ఆ దేశం వెళ్ళింది. ఇప్పుడు దాని బదులు ఒక వారం కొనుక్కుంటానంటోంది. ఎలా వద్దంటాను?

కానీ వెంటనే "కొనుక్కో" అని కూడా అనలేకపోయాను. ఎందుకంటే ఆ దీవిలో నేను ఇంకో కథ విన్నాను.

*

నాలుగో రోజు వాన పడింది. పిల్లలు ఆటల్లో పడ్డారు. చెల్లీ నేనూ గల్లా వాళ్ళు నడిపే చిన్న బస్సులో దీవి చూడటానికి వెళ్ళాం. గల్లా అంటే మన కొట్లో గల్లాపెట్టె కాదు. పశ్చిమాఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల వారసులు. ఈ దీవుల్లో తెల్లవాళ్ళు తక్కువ, వీళ్ళు ఎక్కువ, మధ్యలో నీళ్ళు. అందుకని వాళ్ళ భాష, వంట, పాట చాలావరకు చెరిగిపోకుండా నిలిచాయి. ఇంగ్లీషూ ఆఫ్రికా భాషలూ కలిసిన భాష వాళ్ళది. వేరుశనక్కాయని ఆ ప్రాంతాల్లో గూబర్ అంటారు. అది కాంగో వైపు నుంచి పడవెక్కి వచ్చిన మాట. వాళ్ళ వంటలో బియ్యం, బెండకాయ, అలసందలు, రొయ్యలు. టమాటా వేసి ఎర్రగా వండిన అన్నం పెడితే మా చెల్లి "ఇది టమాటా బాతే కదక్కా!" అంది.

దీవికి ఆ పేరు విలియం హిల్టన్ అనే ఇంగ్లీషు నౌకాయాత్రికుడి వల్ల వచ్చింది. ఆయన 1663లో బార్బడోస్ నుంచి ఇటు వచ్చాడు. 1790లో విలియం ఇలియట్ అనే భూస్వామి ఇక్కడ పొడుగుపింజె సీ ఐలాండ్ పత్తి పండించాడు. ఆ పత్తికి ఇంగ్లండులో బంగారం ధర. పండించింది ఎవరి చేతులో చెప్పక్కర్లేదు.

1861 నవంబరు 7న అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది నౌకలు వచ్చి ఇక్కడి కోటల మీద గుళ్ళు కురిపించాయి. గల్లా వాళ్ళు ఆ రోజుని పెద్ద తుపాకులు పేలిన రోజు అని చెప్పుకుంటారు. సాయంత్రానికి భూస్వాములు ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి పారిపోయారు. బానిసలు మిగిలారు, పక్క ప్రాంతాల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు వాళ్ళతో కలిశారు. మరుసటి ఏడాది, అంటే 1862లో, అక్కడ మిచెల్‌విల్ అని ఒక ఊరు వెలిసింది. జనరల్ ఆర్మ్‌స్బీ మిచెల్ పేరు పెట్టారు. నిన్నటి బానిసలు తమ ఇళ్ళు తామే కట్టుకుని, తమ పెద్దల్ని తామే ఎన్నుకున్న ఊరు. ఆరేళ్ళ నుంచి పదిహేనేళ్ళ దాకా పిల్లలందరూ బడికి వెళ్ళితీరాలని నియమం పెట్టుకున్నారు. అక్షరం నేర్చుకోవడమే నేరంగా ఉన్న చోట! నాకు ఒళ్ళు జలదరించింది.

యుద్ధం అయ్యాక చాలామంది రూపాయి రూపాయి కూడబెట్టి అక్కడే చిన్నచిన్న చెక్కలు కొనుక్కున్నారు. మీరిప్పుడు గమనించండి. నిన్నటిదాకా వాళ్ళనే కొనీ అమ్మీ చేసిన నేలని, వాళ్ళు కొన్నారు. దస్తావేజు చేతికొచ్చినప్పుడు ఆ ఇంటి ఇల్లాలు దాన్ని ఎక్కడ దాచుకుందో అని ఆలోచించాను. మన అమ్మమ్మల్లా బియ్యం డబ్బాలోనేమో.

దాదాపు తొంభై ఏళ్ళు ఆ దీవికి వంతెన లేదు. చేపలు, పొలం, పడవ, చర్చి. కొడుక్కి పెళ్ళయితే అదే దొడ్లో ఇంకో ఇల్లు వేసేవాళ్ళు. అత్తగారు, కోడలు, తోడికోడళ్ళు అందరివీ ఒకే వాకిలి. 1949 ప్రాంతంలో జార్జియా నుంచి కలప వ్యాపారులు వచ్చి పైన్ అడవులు పెద్ద ఎత్తున కొన్నారు. వాళ్ళలో ఒకాయన కొడుకు చార్లెస్ ఫ్రేజర్. యేల్‌లో లా చదివాడు. అడవి నరికి అమ్మడం కంటే, చెట్లు ఉంచి వాటి మధ్య ఇళ్ళు అమ్మితే బాగుంటుందన్నాడు. 1956లో వంతెన వచ్చింది. ఆ వెంటనే ఆయన సీ పైన్స్ మొదలుపెట్టాడు.

ఆయన మంచి పనులు చేశాడు, ఒప్పుకోవాలి. చెట్టు అడ్డొస్తే రోడ్డు వంచాడు. ఇళ్ళకి మట్టిరంగే వేయాలని, చెట్లకి మించి ఎగబాకకూడదని దస్తావేజుల్లోనే షరతులు రాయించాడు. హార్బర్ టౌన్ తవ్వేటప్పుడు లిబర్టీ ఓక్‌ని కొట్టనీయలేదు. 2002లో పడవ ప్రమాదంలో పోతే ఆ చెట్టు దగ్గరే సమాధి చేశారు. ఇప్పుడు పిల్లలు పాడుకునే చెట్టు అదే.

కానీ వంతెన మీద నుంచి వచ్చింది సెలవులకొచ్చేవాళ్ళు మాత్రమే కాదు. భూమి ధరా వచ్చింది, దాని వెనక పన్నూ వచ్చింది. సముద్రం ఒడ్డు చెక్కకి లక్షల విలువ కడితే, రొయ్యలు పట్టుకుని బతికే మనిషి ఆ పన్ను ఎలా కడతాడు? కట్టలేక కొన్ని నేలలు వేలానికి పోయాయి.

మిగిలినవి ఎలా పోయాయో ఆ గైడు చెబుతుంటే చెల్లి నా చెయ్యి పట్టుకుంది. ఆ ముత్తాతలు వీలునామాలు రాయలేదు. కోర్టులంటే నమ్మకం లేదు, లాయరుకి డబ్బూ లేదు. కాబట్టి ఆ నేల పిల్లలకీ, వాళ్ళ పిల్లలకీ విడదీయని ఉమ్మడి వాటాలుగా వచ్చింది. ఇంగ్లీషులో దాన్ని హెయిర్స్ ప్రాపర్టీ అంటారు, వారసుల ఆస్తి. మూడు తరాలు గడిచేసరికి యాభై అరవై మంది వారసులు, సగం మంది న్యూయార్కులోనో ఎక్కడో. వాళ్ళలో ఒక్కరి వాటా బయటివాడు కొంటే చాలు, కోర్టుకెళ్ళి "పంచండి" అనవచ్చు. అన్ని ముక్కలుగా పంచడం కుదరదు కాబట్టి మొత్తం అమ్మించేస్తారు. అక్కడే పుట్టి అక్కడే ముసలైపోయిన ఆడమనిషి కూడా లేచి వెళ్ళిపోవాల్సిందే. ఆ ఇంటి మీద బ్యాంకు అప్పు కూడా పుట్టదు, పట్టా ఒక్కరి పేరున ఉండదు కదా.

"ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చింది" అని మన సామెత. అక్కడ గొడ్డు చావలేదు. దాన్ని బయటివాడు తోలుకుపోయాడు.

చాలా ఆలస్యంగా అయినా చట్టం మారింది. సౌత్ కరోలినాలో 2017 జనవరి నుంచి, అలా అమ్మకం అడిగినవాడి వాటాని ముందు మిగతా వారసులే కొనుక్కునే అవకాశం ఇవ్వాలి, ధర న్యాయంగా కట్టాలి. ఆ చట్టానికి క్లెమెంటా పింక్నీ పేరు పెట్టారు. ఆయన ఆ రాష్ట్ర సెనేటరు, పాస్టరు. 2015లో చార్లెస్టన్‌లో చర్చిలోనే కాల్చి చంపబడ్డ మనిషి.

తిరిగొచ్చేటప్పుడు హార్బర్ టౌన్ దగ్గర ఒక చోటు చూశాం. గోల్ఫ్ మైదానం, ఖరీదైన విల్లాలు, వాటి మధ్య చిన్న శ్మశానం. బ్రాడాక్ పాయింట్ అంటారు. గల్లా వాళ్ళ పూర్వీకుల సమాధులు. నీటి పక్కన పాతిపెడితే ఆత్మ సముద్రం దాటి సొంత దేశం వెళుతుందని వాళ్ళ నమ్మకం. ఇప్పుడు ఆ తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళాలంటే పిల్లలు సీ పైన్స్ గేటు దాటి రావాలి. మేం రోజూ పాసు కారు అద్దానికి తగిలించుకుని దర్జాగా దాటే గేటు అది.

వాళ్ళ భాషలో ముందునుంచీ ఉన్నవాళ్ళని "బిన్యా" అంటారు, వచ్చినవాళ్ళని "కమ్యా". మేము కమ్యాలం. ఆ రాత్రి బాల్కనీలో సముద్రం అదే చప్పుడు చేసింది, నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

*

ఇక ఈ వ్యాపారం ఎలా అమ్ముతారో నాకు సొంత అనుభవం ఉంది. కొన్నేళ్ళ క్రితం హైదరాబాదులో ఒక మాల్‌లో కూపను నింపాం. వారం తిరక్కుండా ఫోను, "మేడమ్, మీకు బహుమతి వచ్చింది. భార్యాభర్తలిద్దరూ తప్పనిసరిగా రావాలి." గంట అన్నారు, నాలుగు గంటలు కూర్చోబెట్టారు. మా వారు డబ్బు లెక్కలు అడిగిన ప్రతిసారీ ఆ అబ్బాయి నావైపు తిరిగి, "మేడమ్, పిల్లల చిన్నతనం మళ్ళీ వస్తుందా?" అనేవాడు. ఇద్దర్నీ ఎందుకు రమ్మన్నారో అప్పుడర్థమైంది. నాన్నకి లెక్క చూపిస్తారు, అమ్మకి అపరాధభావం అమ్ముతారు. సంతకం పెట్టకుండా లేచి వచ్చాం. బహుమతిగా ఇచ్చిన ఫ్లాస్కు మూడో రోజుకి కారిపోయింది.

అందుకని చెల్లికి మర్నాడు ఫోన్ చేసినప్పుడు ముందు లెక్కలే చెప్పాను. అది ఇల్లు కాదు, ఖర్చు. కొన్న ధర మళ్ళీ రాదు, చాలామందికి అమ్మడమే కష్టమవుతుంది. మెయింటెనెన్స్ ఫీజు ఏటా పెరుగుతుంది, మీరు వెళ్ళినా వెళ్ళకపోయినా కట్టాలి. దస్తావేజు వారమైతే మీ తర్వాత పిల్లల పేరుకి వస్తుంది, ఫీజుతో సహా. వద్దనుకుంటే వాళ్ళు గడువులోగా రాసి ఇవ్వాలి. కొత్తగా కంపెనీ దగ్గర కొంటే కొద్ది రోజుల్లోగా రద్దు చేసుకునే హక్కు చట్టంలో ఉంటుంది, ఎన్ని రోజులన్నది రాష్ట్రాన్ని బట్టి. ఆ సంగతి అమ్మేవాడు చిన్నక్షరాల్లో చూపిస్తాడు, మనమే పెద్దగా చదువుకోవాలి. పెద్దాయన దగ్గర కొంటే బకాయిలు ఏమీ లేవని కాగితం ముందు తీసుకోవాలి.

అన్నీ విని చెల్లి, "ఇవన్నీ మీ మరిదిగారు కూడా చెప్పారక్కా. నేను డబ్బు గురించి అడగలేదు" అంది.

"తెలుసే" అన్నాను. "అమ్మమ్మ ఇంట్లో ఆరు కొబ్బరిచెట్లున్నాయి కదా. నీకేం గుర్తుంది?"

చాలాసేపు మాట్లాడలేదు. "ట్రాక్టరు" అంది చివరికి. "గడ్డి గుచ్చుకోవడం. నువ్వు నన్ను ఒళ్ళో పెట్టుకోవడం. అరటిదొప్ప ఆరిపోతే నేను ఏడవడం."

ఇంటి పెంకులు కాదు, గోడలు కాదు. ఏటా ఒకే రోజు అందరూ కలిసి ఎక్కిన ట్రాక్టరు. అది ఎవరి పేరునా రిజిస్టరు కాలేదు. దానికీ కాపాడేవాళ్ళు కావాలి. ఇల్లు పోయాక మావయ్యలూ పిన్నులూ మేమూ మళ్ళీ ఒక్క కార్తీకమాసంలో కూడా కలవలేదు. ఇల్లు లేక కాదు. పేరుపాలెం సముద్రం అక్కడే ఉంది. పిలిచేవాళ్ళు లేక. అమ్మమ్మ స్థానంలో ఎవరూ నిలబడలేదు, నేను కూడా. ఆ తప్పు మావయ్య మీదకి తోసి ఇరవై ఏళ్ళు హాయిగా ఉన్నాను.

ఆ గల్లా వాళ్ళు నేల పోయినా ఏడాదికోసారి కలుస్తారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, మిగిలిన ఒక్క చెక్కలో, ఒక్క చెట్టు కింద ఎర్రన్నం వండుకుంటారు. ఎవరి వాటా ఎవరిదో కాగితం మీద రాయించుకోవడం ఇప్పుడు నేర్చుకుంటున్నారు. రెండూ కావాలి, కాగితమూ కావాలి, పిలుపూ కావాలి. మనవాళ్ళలో కాగితం అడిగితే ఆశ అంటారు, ముఖ్యంగా ఆడపిల్ల అడిగితే. అడగకపోతే ఏమవుతుందో ఆ దీవి చూసినవాళ్ళకి తెలుస్తుంది.

చెల్లి ఆలోచించి పిల్లలతో మాట్లాడింది. పెద్దది, "వారం నాకు రాయకమ్మా, నేను ఏ ఊళ్ళో ఉంటానో తెలియదు. కానీ నువ్వు పులిహోర చేస్తే ఎక్కడికైనా వస్తాను" అందట. వారం కొనడం లేదు. ఆ పెద్దాయన అమ్మేదాకా అద్దెకి వెళతారు, అమ్మేస్తే ఆ దీవిలోనే ఇంకో చోటు చూస్తారు. ఈసారి నుంచి వెళ్ళిన ప్రతిసారీ ఒక పూట ఆ గల్లా బస్సు ఎక్కాలని, ఒక పూట వాళ్ళ హోటల్లోనే తినాలని పిల్లలే అన్నారట. అదీ ఒక ఆచారమే.

నా పని నేనూ మొదలుపెట్టాను. నిన్న మా వారిని కూర్చోబెట్టి మా ఫ్లాటుకీ, చిన్న స్థలానికీ వీలునామా రాయించమన్నాను. "ఇప్పుడే పోతున్నామా ఏమిటి?" అన్నారు. పోయేవాళ్ళు ఎవరూ ముందు చెప్పరు కదా అన్నాను. అబ్బాయికీ అమ్మాయికీ ఎవరి పేరున ఏమిటో స్పష్టంగా ఉండాలి.

సాయంత్రం పెద్ద మావయ్యకి ఫోన్ చేశాను. ఇరవై ఏళ్ళలో నా అంతట నేను చేసిన మొదటి ఫోను. కార్తీకమాసంలో పేరుపాలెం వెళదామా మావయ్యా, అందరం, అన్నాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు.

"ట్రాక్టరు ఇప్పుడు లేదే అమ్మా" అన్నాడు.

ఆటో మాట్లాడదాం అన్నాను. చలిమిడి నేను తెస్తానన్నాను.